ర్యామ్ పెట్టాక, స్విచ్ వేయకముందు

ఇంట్లో సొంతంగా పీసీ అసెంబుల్ చేసుకునేవాళ్లు ప్రాసెసర్ పెట్టేటప్పుడు ఊపిరి బిగపట్టి పనిచేస్తారు. అదే ర్యామ్ దగ్గరికొచ్చేసరికి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో నొక్కేస్తారు. తేలిక పనే, కాదనను. కానీ స్లాట్ దగ్గర నల్లగా మాడిన మదర్‌బోర్డును ఒక్కసారి చూస్తే ఆ ధీమా పోతుంది.

వంకరగా దిగిన ర్యామ్ దానంతటది కాలదు, దానికి కరెంటు ఇచ్చినప్పుడే కాలుతుంది. పాత తరం డీడీఆర్4 ర్యామ్‌కైనా కొత్త తరం డీడీఆర్5 ర్యామ్‌కైనా ఒక్కో స్టిక్కుకు 288 పిన్నులు. పక్కపక్క పిన్నుల మధ్య ఎడం మిల్లీమీటరు కూడా ఉండదు, 0.85 మాత్రమే. ఒక చివర పూర్తిగా దిగక స్టిక్కు ఏటవాలుగా నిలిస్తే, కరెంటు తెచ్చే పిన్ను పక్కనున్న గ్రౌండ్‌కో డేటా లైనుకో తగలొచ్చు. డీడీఆర్5లో అయితే స్లాట్ నుంచి నేరుగా 5 వోల్టులు వస్తాయి, స్టిక్కు మీదున్న చిన్న చిప్పు వాటిని 1.1 వోల్టులకు దించుతుంది. ఆ 5 వోల్టులు దారి తప్పితే ఇంకేముంది! పైగా ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటోంది. ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో ఈ పద్ధతి మొదలుపెట్టాయి. అంటే స్లాట్‌లో మొదలైన షార్ట్ ప్రాసెసర్ దాకా పాకే ప్రమాదం ఉంది. కాబట్టి జాగ్రత్తలన్నీ స్విచ్ వేయకముందే.

కొనేటప్పుడే ఒకటి చూసుకోండి. డీడీఆర్4, డీడీఆర్5 పొడవు ఒకటే, పిన్నుల సంఖ్యా ఒకటే. మధ్యలో ఉండే గాడి మాత్రం కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. ఇంటెల్ 12, 13, 14వ తరం బోర్డులు రెండు రకాలుగానూ వచ్చాయి కనుక సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా బోర్డు పూర్తి మోడల్ పేరు చూసే ర్యామ్ తీసుకోండి. గాడి కలవకపోతే అది దిగదు. దిగనిదాన్ని బలవంతంగా దింపడమే అసలు ప్రమాదం.

ఇక కరెంటు సంగతి. సిస్టమ్ షట్‌డౌన్ చేసినంత మాత్రాన బోర్డుకు కరెంటు ఆగదు. ప్లగ్ ఉన్నంతసేపూ పీసీకి కరెంటు పంచే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా వస్తూనే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపండి, ప్లగ్ పీకండి, తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద లైటు వెలుగుతుంటే అది ఆరిపోయే దాకా చెయ్యి పెట్టొద్దు.

ఎర్తింగ్ కోసం ప్లగ్ అలాగే ఉంచమని కొన్ని విదేశీ వీడియోల్లో చెబుతారు. మన ఇళ్లలో ఆ సలహా నమ్మలేం. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటోందా? టెస్టర్ పెడితే లైటు వెలుగుతోందా? ఎర్త్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల అలాంటిచోట క్యాబినెట్ రేకు మీద మెయిన్స్ వోల్టేజిలో దాదాపు సగం తేలుతుంది. దాన్ని మామూలే అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. త్రీపిన్ ప్లగ్‌లో లావుగా ఉండే పిన్ను విరగ్గొట్టి టూపిన్ బోర్డులో దూర్చేవాళ్లకు ఏం చెబుతాం! ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ సరిచేయించండి, ర్యామ్ సంగతి తర్వాత.

చలికాలపు పొడిగాలిలో, ఏసీ గదిలో స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే కరెంటు) కూడా ఎక్కువ. దాదాపు 3,000 వోల్టులు దాటితే గానీ మన చర్మానికి ఆ చురుకు తెలియదు, చిప్పులు అంతకన్నా చాలా తక్కువకే దెబ్బతింటాయి. పరుపు మీద, కార్పెట్ మీద కూర్చుని ఈ పని చేయకండి. నూలు బట్టలు వేసుకుని, మధ్యమధ్యలో క్యాబినెట్‌లో రంగు లేని రేకును తాకుతూ ఉండండి.

కొత్తగా అసెంబుల్ చేస్తుంటే బోర్డును క్యాబినెట్‌లో బిగించకముందే ర్యామ్ పెట్టేయడం మేలు. బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టండి. బోర్డు చుట్టి వచ్చే వెండి రంగు కవరు మీద మాత్రం పెట్టొద్దు, కొన్ని కవర్ల పైభాగం కరెంటును పారనిస్తుంది. నాలుగు స్లాట్లుండి రెండు స్టిక్కులే పెడుతుంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. క్లిప్పులు పూర్తిగా తెరిచి, గాడి కలిసిందని చూసి, రెండు చివర్లా బొటనవేళ్లతో నిటారుగా, సమానంగా నొక్కండి. టక్కుమని చప్పుడొచ్చి క్లిప్పు దానంతటదే మూసుకోవాలి. క్లిప్పును వేలితో తోసి మూయకండి.

ఇప్పుడు వంగి, కన్ను స్లాట్ ఎత్తుకు తెచ్చి, పక్కనుంచి ఫోన్ టార్చ్ వేయండి. స్టిక్కు అడుగున బంగారు రంగు గీత కనిపిస్తే గిస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంలో ఉండాలి. ఒక చివర ఎక్కువ కనిపిస్తే అది దిగనట్టే. ఒకవైపే క్లిప్పు ఉండే బోర్డుల్లో మోసం జరిగేది క్లిప్పు లేని చివరే. క్లిప్పు వైపు టక్కుమంటుంది, రెండోవైపు లేచే ఉంటుంది.

స్విచ్ వేశాక డిస్‌ప్లే రాలేదని వెంటనే టెన్షన్ పడకండి. డీడీఆర్5లో మొదటిసారి ర్యామ్‌ను సరిచూసి సర్దుకునే మెమరీ ట్రైనింగ్‌కే కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపి ర్యామ్ పీకి పెడితే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. చాలాసేపు ఆగినా రాకపోతే, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన లైటు వెలుగుతోందేమో చూడండి. కరెంటు తీసి బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి కాసేపాగి పెట్టండి, ఒకే స్టిక్కుతో ప్రయత్నించండి. గోల్డ్ పిన్నులను గరుకు రబ్బరుతో రుద్దే అలవాటు మాత్రం మంచిది కాదు, పైపూత అరిగిపోతుంది. మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే చాలు.

కాలిన వాసన వచ్చిందా, కథ వేరు. గోడ దగ్గరే స్విచ్ ఆపండి. ఇంకొక్కసారి వేసి చూద్దామనుకోకండి. స్టిక్కు తీసి పిన్నుల మీద మచ్చ ఉందా, స్లాట్‌లో ప్లాస్టిక్ కరిగిందా, లోపలి రేకులు వంగాయా చూసి, ఫోటోలు తీసుకోండి. ఇక్కడే చాలామంది నష్టాన్ని రెట్టింపు చేసుకుంటారు. కాలిన స్టిక్కును తమ్ముడి పీసీలో పెట్టి చూస్తారు, లేదంటే కాలిన స్లాట్‌లో మంచి స్టిక్కు పెడతారు. రెండూ వద్దు. స్లాట్‌లో బూడిద, కరిగిన ముక్కలు ఏమీ లేవని తేలితేనే, పోయినా బాధ లేని పాత స్టిక్కు ఒకటి తెచ్చి వేరే ఛానెల్ (ప్రాసెసర్‌తో కలిపే వేరే దారి) స్లాట్‌లో పెట్టి చూడండి. అప్పుడు ఆన్ అయితే దెబ్బ ఆ స్లాట్ వరకే తగిలి ఉండొచ్చు. ఏ స్లాట్‌లోనూ రాకపోతే బోర్డో ప్రాసెసరో తేల్చడానికి షాపుకు తీసుకెళ్లాల్సిందే.

మాడిన గుర్తులుంటే వారంటీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, దాన్ని ఫిజికల్ డ్యామేజీ కింద తోసేస్తారు. షాపులో మాత్రం ఏ స్లాట్ కాలిందో, స్టిక్కు ఎలా పెట్టారో దాచకుండా చెప్పండి. లేకపోతే షాపతను మొదట చేసేది తన మంచి స్టిక్కు తీసి అదే స్లాట్‌లో పెట్టి చూడటమే.