అమెరికా మాజీ సైనికుడి మరణం: డీఐసీ తిరస్కరిస్తే అప్పీలు చేసే విధానం

అమెరికా సైన్యంలో పనిచేసిన వ్యక్తి సర్వీసు వల్ల వచ్చిన గాయంతోనో జబ్బుతోనో చనిపోతే, ఆయన కుటుంబానికి వెటరన్స్ వ్యవహారాల శాఖ (వీఏ) నెలనెలా పన్ను లేని భృతి ఇస్తుంది. దాన్నే డీఐసీ అంటారు. భార్య లేదా భర్త, పిల్లలు 21పి-534ఈజెడ్ ఫారమ్ మీద, ఆదాయం తక్కువున్న తల్లిదండ్రులు 21పి-535 మీద దరఖాస్తు చేయాలి. చనిపోయిన ఏడాదిలోపు పెట్టుకుంటే, మంజూరయ్యాక ఆ మరణం జరిగిన నెల మొదటి తేదీ నుంచి లెక్కగడతారు.

చాలా క్లెయిములు ఒకే మాట దగ్గర ఆగిపోతాయి: ‘మరణానికి సర్వీసుతో సంబంధం రుజువు కాలేదు.’ ఇలా తిరస్కరణ లేఖ రాగానే టెన్షన్‌తో ఏదో ఒక ఫారమ్ నింపేయకండి. ముందు లేఖ మొత్తం చదవండి. అందులో మీకు అనుకూలంగా తేల్చిన అంశాలు విడిగా రాసి ఉంటాయి. స్పష్టమైన పొరపాటు జరిగిందని తేలితే తప్ప, తర్వాత చూసే అధికారులు కూడా వాటికి కట్టుబడాలి. ఇక మిగిలినదేమిటో అదే మీరు నిరూపించాల్సింది.

మరణ ధ్రువీకరణ పత్రంలో ‘గుండె ఆగింది’ అని మాత్రమే ఉంటే ఆశ వదులుకోనక్కర్లేదు. సర్వీసు జబ్బే అసలు కారణం కావాలని రూలు లేదు, మరణానికి గట్టిగా తోడ్పడినా చాలు. వియత్నాంలో పనిచేసినాయనకు సర్వీసు వల్ల వచ్చిందని వీఏ గుర్తించిన టైప్ 2 డయాబెటిస్ ఉందనుకోండి. దానివల్ల కిడ్నీలు దెబ్బతిని, చివరికి గుండె ఆగిపోయిందని డాక్టరు వివరించగలిగితే కేసు నిలబడుతుంది. ఆ డాక్టరు లేఖే ఇక్కడ ప్రాణం. రికార్డులన్నీ చూశానని, సంబంధం ఉండే అవకాశం కనీసం సగానికి సగమని, ఎందుకలా అంటున్నానో కారణాలతో సహా ఆయన రాయాలి. ‘అయి ఉండొచ్చు’ అని ఒక్క ముక్క రాసిస్తే పనికిరాదు. రెండు వైపులా సాక్ష్యం సమానంగా తూగితే తీర్పు మీకే అనుకూలంగా ఇవ్వాలని చట్టం.

2019 ఫిబ్రవరి నుంచి మూడు దారులున్నాయి. మూడింటికీ నిర్ణయం వచ్చిన నాటి నుంచి ఏడాదే గడువని గుర్తుపెట్టుకోండి. కొత్త సాక్ష్యం దొరికితే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారమ్ 20-0995. దీన్ని మాత్రం ఏడాది దాటాకా వేయొచ్చు గానీ, పాత తేదీ నుంచి రావాల్సిన డబ్బు సాధారణంగా పోతుంది. ఉన్న కాగితాలనే తప్పుగా చూశారనిపిస్తే పై అధికారి సమీక్ష, ఫారమ్ 20-0996. ఇందులో కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు. డాక్టరు లేఖ లేక ఓడినవాళ్లు ఈ దారి పడితే అదే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. మూడోది ఫారమ్ 10182తో వెటరన్స్ అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం. అక్కడ జడ్జి ముందు మాట్లాడాలంటే హియరింగ్ అడగవచ్చు, అది జరిగాక 90 రోజుల్లో సాక్ష్యం ఇవ్వవచ్చు. బోర్డూ కాదంటే 120 రోజుల్లోపు వెటరన్స్ క్లెయిముల అప్పీళ్ల కోర్టుకు వెళ్లాలి.

అసలు కారణం గురించి వాదనే అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి ఆయన చనిపోయేముందు వరసగా పదేళ్లు వీఏ ఇచ్చే నూరు శాతం వైకల్య రేటింగ్ ఉంటే, సర్వీసుతో సంబంధం లేని కారణంతో మరణించినా డీఐసీ అడగవచ్చు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం, వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందు వల్లే వచ్చాయని వీఏ భావించే జబ్బుల జాబితాలో బీపీని కూడా చేర్చింది. అంతకుముందు తిరస్కరణ పొందినవాళ్లు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

గుర్తింపు పొందిన వెటరన్స్ సంఘాల ప్రతినిధులు ఈ పని ఉచితంగా చేసిపెడతారు, ఫారమ్ 21-22తో వారిని నియమించుకోవాలి. మొదటి దరఖాస్తు నింపిపెట్టడానికే ఫీజు అడిగేవాళ్లకు మాత్రం దూరంగా ఉండండి. తొలి నిర్ణయం రాకముందు చేసిన పనికి లాయరు సైతం మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు.