ఫ్యాన్ తిరుగుతోంది, మీటర్ బాగుంది, అయినా షెల్టర్‌లో గాలి ఆడటం లేదా?

స్విట్జర్లాండ్‌లో ఫ్లాట్ తీసుకున్న మనవాళ్లకి తాళంచెవితో పాటు సెల్లార్‌లో ఒక చిన్న అర కూడా ఇస్తారు. బియ్యం బస్తా, సూట్‌కేసులు, చలికాలం టైర్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలు అన్నీ అక్కడే చేరతాయి. చాలా బిల్డింగుల్లో ఆ అరలకి వెళ్లే దారిలో జానెడు మందం కాంక్రీటు తలుపు ఒకటి కనిపిస్తుంది. అది దాటితే మీరు నిలబడ్డది అణుయుద్ధం వస్తే తలదాచుకోవడానికి కట్టిన షెల్టర్‌లో. 1963లో చట్టం చేసి ఇళ్ల కింద వీటిని కట్టించారు. ఇప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 3,70,000 ఉన్నాయి, 90 లక్షల మందికి చోటుంది.

నా పని వాటిలో గాలి మెషిన్లు బాగుచేయడం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మనవాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఫ్యాన్ పనిచేస్తోంది కదా, ఇంకేం చూడాలి?" తలుపు ఎలా మూయాలో, పిడి ఎటు తిప్పాలో గోడ మీది బొమ్మల్లో ఉంది కాబట్టి అది మళ్లీ చెప్పను. ఎవరూ చూడనిది ఒకటుంది. ఫ్యాన్‌కి దూరంగా, ఎక్కువగా తలుపు పక్క గోడలో, ఓవర్‌ప్రెషర్ వాల్వ్ అని గుండ్రటి ఇనుప రేకు ఒకటి ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ రేకు లేచి వాడిన గాలిని బయటికి వదులుతుంది. సమస్య ఏదైనా సరే, ముందు అక్కడిదాకా నడిచి వెళ్లి రేకు కదులుతోందా లేదా చూడండి. అందరూ ఫ్యాన్ దగ్గరే నిలబడి, ఎంత గాలి వస్తోందో చూపే మీటర్ ముల్లు చూసి వెనక్కి వచ్చేస్తారు.

ఫ్యాన్ తిరుగుతోంది, మీటర్ ముల్లు కదలడం లేదు

ఫిల్టర్ మోడ్‌లో, అంటే బయటి గాలిని బొగ్గు నింపిన గ్యాస్ ఫిల్టర్ డబ్బా గుండా లాగేలా పెట్టారా? అయితే ఆ డబ్బా మూతలు తీయలేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే. ఆ డబ్బాకి రెండు వైపులా మూతలు, వాటికి సీలు ఉంటాయి. నిజంగా అవసరం పడ్డప్పుడే సీలు తెంచి, మూతలు తీసి గొట్టం తగిలించాలి. ఊరికే చూద్దామని ముందే తెరిస్తే లోపలి బొగ్గు చెమ్మ పీల్చుకుని పాడైపోతుంది. అలాగని యుద్ధం వచ్చిన రోజు కూడా మూతలు ఉంచేస్తే గాలి ఎక్కడినుంచి వస్తుంది?

ఆ డబ్బా లేకుండా గాలి నేరుగా వచ్చే మామూలు ఫ్రెష్ ఎయిర్ మోడ్‌లోనూ ముల్లు కిందే ఉంటే ముందువైపు దుమ్ము ఫిల్టర్ తీసి దులపండి. బయట గాలి లోపలికి వచ్చే చోట ఆకులో మంచో పేరుకుందేమో చూడండి. ఒకచోట సాలీడు ఎన్నేళ్లు కష్టపడిందో గానీ, నా అరచేతిమందాన గూడు కట్టి పెట్టింది.

ఫ్యాన్ అసలు తిరగడం లేదు

కరెంటు లేదేమో. చేతి పిడి ఉన్నది అందుకే, వంతులు వేసుకుని తిప్పండి. పిడి బరువుగా ఉంటే ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని ముట్టుకోలేదన్నమాట. ఏడాదికోసారైనా పది నిమిషాలు తిప్పమని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను.

మీటర్ బాగుంది, కానీ వెనక ఉన్నవాళ్లకి తలనొప్పి, గాలి బరువుగా ఉంది

ఇది రాయడానికే కూర్చున్నాను. నన్ను రెండుసార్లు నవ్వులపాలు చేసింది ఇదే.

ముందు ఒక లెక్క. షెల్టర్‌లో మనిషికి ఒక చదరపు మీటరు నేల, రెండున్నర ఘనపు మీటర్ల చోటు. ఫిల్టర్ మోడ్‌లో మనిషికి గంటకి 3 ఘనపు మీటర్ల గాలి, ఫ్రెష్ ఎయిర్‌లో 6. వీఏ 75 అని రాసి ఉన్న మెషిన్ ఫిల్టర్‌లో గంటకి 75 ఇస్తుంది, అంటే 25 మందికి సరిపోతుంది. ఫ్రెష్ ఎయిర్‌లో దానికి రెట్టింపు, 150. ఈ రెట్టింపు దగ్గరే మోసం ఉంది.

ఆమధ్య ఒక బిల్డింగ్ కేర్‌టేకర్ పిలిచాడు. 25 మంది షెల్టర్. తనిఖీలో ఫ్రెష్ ఎయిర్ బాగుంది, ఫిల్టర్ లెక్కకి తగ్గించగానే లోపల ఒత్తిడి నిలవడం లేదు. నేను వెళ్లి అందరూ చేసేదే చేశాను. తలుపు రబ్బరు బీడింగ్ అణిగిపోయిందనుకుని కొత్తది వేయించాను. ఏళ్ల తరబడి లివర్లు బిగించి వదిలేస్తే బీడింగ్ నిజంగానే అణిగిపోతుంది కాబట్టి అనుమానం తప్పు కాదు. బిల్లు కట్టారు. మళ్లీ తనిఖీ, మళ్లీ ఫెయిల్. రెండోసారి వెళ్లి ఎమర్జెన్సీ దారి మూత రబ్బరు మార్చాను. మళ్లీ ఫెయిల్. కేర్‌టేకర్ నా ముఖం చూడటం మానేశాడు.

మూడోసారి ఫిల్టర్ సీలు ముట్టుకోలేదు. పిడిని నెమ్మదిగా తిప్పిస్తూ ముల్లుని 75 దగ్గరే నిలబెట్టి, వాల్వ్ దగ్గరికి వెళ్లి చూశాను. రేకు కదలడం లేదు, చచ్చిన చేపలా పడి ఉంది. ఫ్యాన్ నుంచి గంటకి 75 ఘనపు మీటర్లు లోపలికి వస్తోంది, వాల్వ్‌లోంచి చుక్క గాలి పోవడం లేదు. మరి అదంతా ఎటు పోతోంది?

ఆ బిల్డింగ్‌లోనే ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆ ఇంటావిడని అడిగి ఒక అగరుబత్తి తెచ్చుకున్నాను. వెలిగించి తలుపు అంచులన్నీ తిప్పాను, పొగ నిటారుగా లేచింది. ఎమర్జెన్సీ మూత దగ్గరా అంతే. గోడల వెంట నడుస్తూ ఆవిడ ఆవకాయ జాడీలు పెట్టుకున్న చెక్క అలమర దాకా వచ్చేసరికి పొగ ఒక్కసారి పక్కకి వంగి, దారం లాగినట్టు అలమర వెనక్కి దూరిపోయింది. అలమర జరిపితే గోడలో ఆరు సెంటీమీటర్ల కన్నం. అందులోంచి చిటికెనవేలంత వైరు ఒకటి పోతోంది. పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టినప్పుడు ఎవరో డ్రిల్లు చేసి, వైరు లాగి, మూయకుండా వెళ్లిపోయారు. ఫ్యాన్‌కి సరిగ్గా రెండు మీటర్ల దూరం.

పైనుంచి చపాతీ పిండి కాస్త ఎక్కువే కావాలన్నాను. "అన్నయ్యా, కన్నం దొరికింది సరే, చపాతీ పిండి ఎందుకు?" అందావిడ. బత్తాయి అంత ముద్ద వైరు చుట్టూ కుక్కి, మళ్లీ పిడి తిప్పమన్నాను. నాలుగైదు తిప్పులకే అవతలి గోడలో వాల్వ్ రేకు టక్‌మని లేచింది. ఆ చప్పుడు విని కేర్‌టేకర్ నవ్వాడు, మూడుసార్లలో మొదటిసారి.

జరిగింది ఇది. గంటకి 150 వస్తున్నప్పుడు కన్నంలోంచి పోగా మిగిలిన గాలే వాల్వ్‌ని లేపడానికి సరిపోయింది, అందుకే ఆ మోడ్‌లో పాస్. 75కి తగ్గించగానే వచ్చిందంతా ఆ కన్నమే మింగేసింది. కొత్త గాలి ఫ్యాన్ నుంచి బయల్దేరి, రెండు మీటర్లు నడిచి, బయటికి పోయింది. అవతలి చివర పడుకున్నవాడికి అందలేదు. బంతి చివర కూర్చున్నవాడికి పూర్ణం బూరెలు రాకపోయినా, వడ్డించేవాడి చేతిలో గిన్నె ఖాళీ అయింది కదా! మీటర్ చెప్పేది ఆ ఖాళీ గిన్నె సంగతి మాత్రమే.

తలనొప్పితో పోయే విషయం కూడా కాదిది. లోపల ఆ గాలి ఒత్తిడి ఉన్నంతసేపే కనపడని సందుల్లోంచి గాలి బయటికి పోతుంది తప్ప బయటి దుమ్ము లోపలికి రాదు. అణుధూళి తీవ్రత గురించి పాత లెక్క ఒకటుంది: పేలుడు తర్వాత మొదటి గంటలో ఉన్నదాంట్లో 7 గంటలకి పదో వంతు, రెండు రోజులకి నూరో వంతు, రెండు వారాలకి వెయ్యో వంతు మిగులుతుంది. అంటే కన్నం మీ మీద పగ తీర్చుకునేది మొదటి రెండు రోజుల్లోనే. అప్పుడు నాకు ఫోన్ చేసి లాభం లేదు.

కాబట్టి ముల్లుని ఫిల్టర్ గీత దగ్గర నిలబెట్టి వాల్వ్ చూడండి. రేకు లేవకపోతే అగరుబత్తితో ముందు ఫ్యాన్ చుట్టుపక్కల, ఆ తర్వాత అలమరల వెనక, వైర్లు, పైపులు గోడ దాటే చోట్ల, చివరగా తలుపు దగ్గర వెతకండి. అందరూ తలుపుతో మొదలుపెడతారు, నేనూ అలాగే రెండు బిల్లులు వృథా చేయించాను. నేలలో నీళ్లు పోయే జాలీ ఉంటే ఒక చెంబుడు నీళ్లు పోయండి, లోపలి వంపు ఎండిపోతే అక్కణ్నుంచీ గాలి పోతుంది. కన్నం దొరికితే పిండి ముద్ద పరీక్షకి మాత్రమే. శాశ్వతంగా మూయాలంటే షెల్టర్ల కోసమే చేసిన, గాలి దూరని వైరు బిగింపు పెట్టించాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే నురగ కొట్టి చేతులు దులుపుకోకండి, బయట పేలుడు జరిగితే అది బిరడాలా ఎగిరిపోతుంది. లోపల జనం నిండి ఉన్నప్పుడు అగరుబత్తి వద్దు, తడి చేతి వెనక భాగం పెట్టి చూస్తే చల్లగా తగులుతుంది.

రేకు లేస్తోంది కానీ చివరివాళ్లకే ఇబ్బందిగా ఉందా? అది మెషిన్ తప్పు కాదు. గాలి ఫ్యాన్ దగ్గర మొదలై వాల్వ్ దగ్గర ముగుస్తుంది, వాసన బయటికి పోవాలని మరుగుదొడ్డి కూడా వాల్వ్ దగ్గరే పెడతారు. ఫ్యాన్ పక్కన పడుకున్నవాడికి తాజా గాలి, వాల్వ్ పక్కన పడుకున్నవాడికి మిగిలినవాళ్లంతా వాడి వదిలింది. మూడు అంతస్తుల మంచాల్లో పైవాడికి వేడి కూడా ఎక్కువ. మంచి చోటు ముందే ఆక్రమించినవాళ్లు లేవరు, కాబట్టి రోజుకోసారి చోట్లు మారేలా మొదటిరోజే చీటీ రాసి గోడకి అంటించండి.

గోడలు చెమర్చుతున్నాయి, ఉక్కపోత

రిపేరు ఏమీ లేదు. ఊరికే కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు. 25 మంది అంటే రెండున్నర కిలోవాట్లు, పెద్ద హీటర్ ఒకటి రాత్రింబవళ్లు వేసి ఉంచినట్టే. వంట వద్దు, కొవ్వొత్తులు వద్దు. అధికారులు సరేనన్నాక ఫ్రెష్ ఎయిర్‌కి మారండి.

తలుపు మూసుకోవడం లేదు

గడప మీద పెట్టిన చెత్త తీయండి. సగం కేసులు అంతే. ముందే ఒకసారి మూసి చూడాల్సింది అని మిమ్మల్ని తిట్టను, ఎందుకంటే ప్రభుత్వమే బోల్తా కొట్టింది. లూసర్న్‌లో హైవే సొరంగాల్నే షెల్టర్‌గా మార్చేలా సోనెన్‌బర్గ్ కట్టారు, 1976లో పూర్తయింది, 20,000 మందికి. జనానికి కార్లు పోయే గొట్టాల్లో మంచాలు, కమాండ్ పోస్టు, ఆసుపత్రి కోసం ఆ గొట్టాల మధ్యలో ఏడంతస్తుల భవనం. 1987లో రిహార్సల్ చేస్తే ఒకటిన్నర మీటర్ల మందం, 350 టన్నుల బరువున్న తలుపుల్లో ఒకటి సరిగ్గా మూసుకోలేదు. 2006లో దాన్ని 2,000 మందికి తగ్గించారు.

లోపల పొగ వాసన

వెంటనే ఫ్యాన్ ఆపండి. ఫిల్టర్ ఉంది కదా అని ధైర్యం చేయొద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని ఆ బొగ్గు పట్టుకోదు. ఆపాక ఎంతసేపు ఉండొచ్చు? మనిషి గంటకి 20 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, వాడి వాటా చోటు రెండున్నర ఘనపు మీటర్లు. గంటకి 0.8 శాతం పెరుగుతుంది. మూడు గంటలయ్యేసరికి తల పట్టేస్తుంది. ఈలోగా అందరూ పడుకుని ఉండాలి, పిల్లల్ని పరిగెత్తనివ్వకండి.

మిగతావి

బయటి పేలుడు తాకిడి గాలి గొట్టంలోంచి లోపలికి రాకుండా ఆపే పేలుడు వాల్వ్ ఇరుక్కోవడం, ఫ్యాన్ బేరింగ్ పోవడం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాను. వాటికి మెకానిక్‌ని పిలవండి. పిలిచే ముందు మాత్రం అలమర జరిపి గోడ చూడండి.