రాతి రంధ్రాల్లో ప్రవాహం: సిమ్యులేషన్ లెక్క తప్పితే ఎక్కడ వెతకాలి

రాతి ముక్కను మైక్రో సీటీ స్కాన్ (లోపలి రంధ్రాలు కనిపించే త్రీడీ ఎక్స్‌రే) తీసి, ఆ బొమ్మలోనే లాటిస్ బోల్ట్జ్‌మన్ పద్ధతితో (ద్రవాన్ని గడి నుంచి గడికి దూకే కణాలుగా చూసే లెక్క) నీళ్లు పారించి పర్మియబిలిటీ, అంటే రాయి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో, లెక్కగట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోడ్ మధ్యలో ఆగిపోతే నయమే, తప్పుందని తెలిసిపోతుంది. చివరిదాకా నడిచి, నమ్మబుద్ధేసే తప్పు సంఖ్యను చేతిలో పెట్టినప్పుడే అసలు ప్రమాదం. అందుకే తేలికైన వాటిని త్వరగా ముగించి, ఆ రకం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

సమస్య: కొన్ని వందల స్టెప్పులకే వేగాలన్నీ "నాన్" (సంఖ్య కాని విలువ) అయిపోతున్నాయి

టౌ (కణాలు ఢీకొన్నాక సర్దుకోవడానికి పట్టే కాలం) విలువ 0.5కి మరీ దగ్గరగా ఉండి ఉంటుంది, లేదా ద్రవాన్ని నెట్టే బలం ఎక్కువై ఉంటుంది. లాటిస్‌లో స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) అంటే (టౌ − 0.5) / 3. నీటి అసలు స్నిగ్ధతను ఉన్నదున్నట్టు దించాలని చూసి చాలామంది టౌని 0.501 దాకా తెచ్చుకుంటారు. ఆ అవసరం లేదు. రంధ్రాల్లో ప్రవాహం చాలా నెమ్మది, జడత్వం లెక్కలోకి రాదు. ఫ్రెంచ్ ఇంజనీరు డార్సీ 1856లో ఇసుక గుండా నీళ్లు పంపి చూపించినట్టే, నెట్టే ఒత్తిడి ఎంత పెరిగితే ప్రవాహం అంత పెరుగుతుంది. టౌని 1 దగ్గర పెట్టుకోండి, గరిష్ఠ వేగం లాటిస్ కొలతల్లో 0.01 దాటకుండా చూడండి. తర్వాత బలాన్ని సగానికి తగ్గించి మళ్లీ నడపండి. వేగం కూడా సరిగ్గా సగమైతే ఈ వైపు నుంచి దిగులు లేదు.

సమస్య: ప్రవాహం సున్నా, లేదా సున్నాకి దగ్గర

ముందు కోడ్‌ని అనుమానించకండి, బొమ్మను అనుమానించండి. ఈ చివర నుంచి ఆ చివరకి రంధ్రాల దారి ఉందా? త్రీడీ బొమ్మలోని చిన్న ఘనపు గడులే వాక్సెల్స్; ముఖం ముఖం ఆనుకున్న వాక్సెల్స్‌నే లెక్కలోకి తీసుకుని దారి వెతికి చూడండి. ఇక్కడొక చిక్కుంది: డి3క్యూ19 (మూడు కొలతలు, 19 వేగాలు) నమూనాలో కణాలు అంచు మీదుగా ఏటవాలుగా కూడా దూకుతాయి. ముఖాల లెక్కన మూసుకుపోయిన చోట కూడా కాస్త ప్రవాహం కారేది అందుకే.

దారి ఉన్నా ప్రవాహం రాకపోతే సరిహద్దు చూడండి. ఈ చివరా ఆ చివరా కలిసినట్టు పీరియాడిక్‌గా పెట్టి ఉంటే, ఇటువైపు రంధ్రం అటువైపు ఇసుక రేణువుకి ఎదురై మూసుకుపోతుంది. రెండు చివర్లా పదేసి ఖాళీ పొరలు అతికిస్తే ద్రవం సర్దుకుని దారి వెతుక్కుంటుంది. పొడవు లెక్కలో ఆ పొరలను కలపకండి.

సమస్య: సంఖ్య నిలిచిందనుకుంటే మళ్లీ కదులుతోంది

"కిందటి స్టెప్పుకీ దీనికీ తేడా పదిలక్షల్లో ఒక వంతే, ఇక ఆపేద్దాం" అనే నియమం మోసం చేస్తుంది. అదే తేడా ఒకే దిశలో సాగితే లక్ష స్టెప్పుల్లో దాదాపు 10 శాతం అవుతుంది. బిగువైన రాతిలో పీడనం ఒక చివర నుంచి ఇంకో చివరకి ఇంకుతూ పోవడానికి చాలా స్టెప్పులు పడుతుంది. ప్రవాహానికి అడ్డంగా ఒక్కో పొరలో ఎంత ద్రవ్యరాశి దాటుతోందో గీసి చూడండి. ప్రవాహం నిలకడకు వస్తే ఆ గీత మొదటి పొర నుంచి చివరి పొర దాకా చదునుగా ఉంటుంది. వాలు కనిపిస్తే ఇంకా నడపాలి.

సమస్య: స్నిగ్ధత మారిస్తే పర్మియబిలిటీ మారుతోంది

అసలు ఆగాల్సింది ఇక్కడ. పర్మియబిలిటీ రాతి గుణం. అందులో నీళ్లు పారినా తేనె పారినా అది మారకూడదు. మారుతోందంటే మీ సిమ్యులేషన్‌లో గోడలు ఉండాల్సిన చోట లేవు.

చిన్న ఉదాహరణతో చూద్దాం. రెండు సమాంతర గోడల మధ్య 4 వాక్సెల్స్ వెడల్పున్న సందు తీసుకోండి. సిద్ధాంతం ప్రకారం దాని పర్మియబిలిటీ వెడల్పు వర్గంలో 12వ వంతు, అంటే 1.33. ఒకే టౌ వాడే మామూలు బీజీకే పద్ధతిలో, గోడను తాకిన కణాన్ని వచ్చిన దారినే తిప్పి పంపే నియమంతో లెక్కిస్తే టౌ 0.6 దగ్గర సుమారు 1.22 వస్తుంది. టౌ 1 దగ్గర 1.38, 1.5 దగ్గర 1.88, 2 దగ్గర 2.71. సందు అదే, జవాబు రెండింతలు దాటింది! టౌ పెరిగేకొద్దీ గోడ వెనక్కి జరిగినట్టూ, తగ్గితే ముందుకొచ్చినట్టూ లెక్క పడుతోంది. సందు వెడల్పు 20 వాక్సెల్స్ అయితే టౌ 1.5 దగ్గర కూడా తప్పు 2 శాతం లోపే. కానీ రాతిలో ప్రవాహాన్ని శాసించేది 20 వాక్సెల్స్ గదులు కాదు, వాటిని కలిపే మూడు నాలుగు వాక్సెల్స్ ఇరుకు మెడలు. ఒక్క టౌతో నడిపి, ల్యాబ్ విలువకి దగ్గరగా ఉందని సంతోషించి ఆపేస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

దీనికి మందు టూ రిలాక్సేషన్ టైమ్ పద్ధతి, అంటే టీఆర్‌టీ. ఇందులో రెండు టౌలుంటాయి: ఒకటి స్నిగ్ధతను నిర్ణయిస్తుంది, రెండోది గోడ చోటును నిలబెడుతుంది. రెండింటి నుంచీ 0.5 తీసేసి గుణిస్తే 3/16 రావాలి. మొదటిది 1 అయితే రెండోది 0.875, మొదటిది 1.5 అయితే 0.6875. అలా పెడితే తిన్నటి సందులో గోడ సరిగ్గా రెండు వాక్సెల్స్ నడుమ నిలుస్తుంది. రాతిలో గోడలు వంకరటింకర కాబట్టి కొంత తప్పు మిగులుతుంది, కానీ స్నిగ్ధతతో పాటు జవాబు మారడం ఆగిపోతుంది. బీజీకే తప్ప గత్యంతరం లేకపోతే టౌ 0.933 పెట్టి, దాన్ని కదపకండి.

మిగిలిన తప్పు ఎంతో తేల్చుకోవాలంటే ఒక్కో వాక్సెల్‌ని ఎనిమిది ముక్కలు చేసి మళ్లీ నడపండి. లాటిస్ కొలతల్లో పర్మియబిలిటీ 4 రెట్లు కావాలి. దానికి బాగా దూరంగా ఉంటే మెడల దగ్గర వాక్సెల్స్ చాలడం లేదు.

సమస్య: జవాబు కొన్ని రెట్లు ఎక్కువ

రంధ్రాల్లో మాత్రమే సగటు వేగం తీసుకున్నారేమో చూడండి. డార్సీ సూత్రంలో వేగమంటే గట్టి రాయితో సహా మొత్తం ఘనపరిమాణం మీద సగటు. పోరోసిటీ (మొత్తం రాతిలో రంధ్రాల వాటా) 20 శాతమైతే ఈ పొరపాటుతో జవాబు 5 రెట్లు పెరుగుతుంది. తేడా అంతకంటే విపరీతంగా ఉంటే యూనిట్లు తప్పాయి. లాటిస్ విలువను వాక్సెల్ పొడవుతో కాదు, పొడవు వర్గంతో గుణించాలి. వాక్సెల్ 2.5 మైక్రాన్లు, లాటిస్ విలువ 0.2 అయితే 1.25 చదరపు మైక్రాన్లు, అంటే పర్మియబిలిటీకి వాడే డార్సీ కొలతలో సుమారు 1.27 డార్సీ.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ల్యాబ్ విలువతో మాత్రం కలవడం లేదు

ల్యాబ్‌లో కొలిచింది గ్యాస్‌తోనా, ద్రవంతోనా అని అడగండి. సన్నని రంధ్రాల్లో గ్యాస్ గోడల వెంట జారుతుంది కాబట్టి విలువ ఎక్కువ వస్తుంది. క్లింకెన్‌బర్గ్ 1941లో చూపిన దిద్దుబాటు చేశాకే పోల్చాలి. అయితే ఈ ప్రభావం మిల్లీడార్సీలూ అంతకంటే బిగువైన రాళ్లలోనే పెద్దది. ఒక డార్సీ ఇసుకరాయిలో రెట్టింపు తేడా వస్తే గ్యాస్ మీదకి నెట్టేయకండి. స్కాన్ బొమ్మలో ఏది రంధ్రం, ఏది రాయి అని విడదీసిన గ్రే స్థాయిని కాస్త అటూ కాస్త ఇటూ జరిపి, మూడు సార్లు నడిపి, వచ్చిన మూడు విలువలనూ పక్కపక్కన రాయండి.