హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లు మంచి మెటీరియల్ ఎలా వెతుక్కోవాలి? హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కూల్ మాన్పించి ఇంట్లోనే చదివిద్దాం అని డిసైడ్ అయిన వారంలో దాదాపు అందరం చేసే పని ఒకటే, రాత్రి పన్నెండు దాకా ఫోన్ పట్టుకుని కూర్చోవడం, యాభై లింకులు సేవ్ చేసుకోవడం, కనబడ్డ గ్రూపులన్నిట్లో చేరడం, తెల్లారేసరికి నిన్నటికంటే ఎక్కువ భయం పట్టుకోవడం. మేమూ అదే చేశాం. మాది సైనిక్‌పురి, పెద్దదానికి అప్పుడు ఏడేళ్లు, ఇప్పుడు పదకొండు. మొదటి ఏడాది భయంలో ఒక ఆన్‌లైన్ కోర్సుకి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాం, మూడో వారానికే పాప నాకొద్దు అంది, డబ్బు వెనక్కి రాలేదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, కట్టాం కదా వాడాలి అని ఆ పిల్లని రెండు నెలలు రోజూ కూర్చోబెట్టి ఏడిపించాను, అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

స్టెప్ 1: రెండు వారాలు ఏమీ కొనకండి, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

నోట్‌బుక్ మీకే, పిల్లలకి కాదు. వాళ్లు రోజంతా అడిగే ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాయండి, దేని దగ్గర ఎక్కువసేపు కూర్చున్నారో కూడా రాయండి. మా పాప లిస్టులో మొదటి వారం ఉన్నవి: చీమలకి దారి ఎలా తెలుస్తుంది, మెట్రో రైలుకి డ్రైవర్ ఉంటాడా, దుర్గం చెరువు దగ్గర అంతంత బండలు ఒకదాని మీద ఒకటి ఎవరు పెట్టారు.

ఆ బండల ప్రశ్న పట్టుకుని మేం దాదాపు నెల చదువుకున్నాం. మన ఊరి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, భూమి లోపల కరిగిన రాయి మెల్లగా గడ్డకట్టి, పైన ఉన్న పొర అరిగిపోయాక బయటికి వచ్చింది, పగుళ్ల వెంట నీళ్లు దిగి అంచులు కొరుక్కుతిని ఆ గుండ్రటి ఆకారాలు వచ్చాయి, అంటే ఎవరూ తెచ్చి పెట్టలేదు, అక్కడే అలా మిగిలిపోయాయి. ఇది తెలుసుకోవడానికి మాకు కావాల్సింది ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్రం తరఫున స్కూలు పుస్తకాలు తయారుచేసే సంస్థ) పాత ఏడో క్లాసు జాగ్రఫీలో శిలల చాప్టర్, ఇంకా సొసైటీ టు సేవ్ రాక్స్ అని మన సిటీలోనే ఉన్న సంస్థ చేసే రాక్ వాక్. ఆ తర్వాత గోల్కొండ వెళ్తే పాప కోటని చూడలేదు, కోట కింద ఉన్న కొండని చూసింది. ప్రశ్న చేతిలో ఉంటే ఏం వెతకాలో మీకే తెలుస్తుంది, లేకపోతే మంచి హోమ్‌స్కూల్ మెటీరియల్ అని టైప్ చేసి అమ్మేవాళ్ల చేతికి చిక్కుతారు.

స్టెప్ 2: వెన్నెముకలాగా ఒక్క సిలబస్ పుస్తకాల సెట్ దగ్గర పెట్టుకోండి

ప్రశ్నలతోనే నడిస్తే లెక్కల్లో ఏదో ఒకటి మిస్ అవుతుందేమో అని అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. దానికి సొల్యూషన్ ఫ్రీగానే ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల వెబ్‌సైట్లో అన్ని క్లాసుల పుస్తకాలు చాప్టర్ల వారీగా పీడీఎఫ్ దొరుకుతాయి. పుస్తకంలో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ఎక్సర్‌సైజులు ఓపెన్ అవుతాయి.

తెలుగు ఇళ్లకి ఇంకా పనికొచ్చేవి తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అంటే మన రాష్ట్ర సిలబస్‌వి. 2022-23 నుంచి గవర్నమెంట్ స్కూళ్లకి ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. నాకైతే ఇది వరం, ఎందుకంటే పాపకి సైన్స్ కాన్సెప్ట్ ముందు తెలుగులో చదివి చెప్తా, తర్వాత అదే ఎదురు పేజీలో తనే ఇంగ్లీషులో చదువుకుంటుంది, ట్రాన్స్‌లేషన్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు.

రెండు సెట్లూ పెట్టుకుని రెండూ పూర్తి చెయ్యాలని మాత్రం చూడకండి. ఒకటి మెయిన్, ఇంకోటి అర్థం కానప్పుడు తిరగేయడానికి. మొత్తం ప్రింట్ తీయించొద్దు, ఆ నెలకి కావాల్సిన చాప్టర్ ఒక్కటే తీయించండి. కోఠిలో సెకండ్‌హ్యాండ్ పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి కాబట్టి చాలాసార్లు ప్రింట్ కంటే పుస్తకమే చవకగా పడుతుంది.

స్టెప్ 3: తెలుగు చదవడానికి విడిగా టైమ్, విడిగా పుస్తకాలు

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు కానీ పేజీ ఇస్తే కూడబలుక్కుంటారు, ఇంట్లో చదివిస్తూ కూడా దాన్ని వదిలేస్తే ఇంక ఎక్కడా రాదు.

తార్నాకలో మంచి పుస్తకం అని ఒక ప్రచురణ సంస్థ ఉంది, పిల్లల కోసమే తెలుగులో చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు తక్కువ ధరలకి వేస్తారు. పిల్లల్ని వెంట తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీరు నీతి కథలు తీయకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉన్నాయి, లెవెల్ 1 నుంచి 4 దాకా గ్రేడ్ చేసి ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వయసు చూసి లెవెల్ తీసుకోకండి, పదేళ్ల పిల్లకైనా ఒత్తులు రాకపోతే లెవెల్ 1 తోనే మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు, రోజుకో కథ చదివితే ఎక్కేస్తారు. తూలిక వాళ్ల ద్విభాషా పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు ఒకే పేజీలో ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు కూడా తెలుగులో చవకగా దొరుకుతాయి.

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్, ఈ రెండిటికీ మేం ఏడాదికి ఇంత అని బడ్జెట్ పెట్టుకుని వెళ్తాం. మిగతా అంతా లైబ్రరీ. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అది 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి చదివే పెద్ద పిల్లలతో నిండి ఉంటాయి, అయినా తీసుకెళ్లండి, అంతమంది నిశ్శబ్దంగా చదువుకుంటుంటే చూడటం కూడా పిల్లలకి ఒక పాఠమే.

స్టెప్ 4: సిటీని టైమ్‌టేబుల్‌లో పెట్టండి

వీక్‌డే పొద్దున ఖాళీ మ్యూజియం, ఇది స్కూల్ పిల్లలకి దొరకదు, మనకి దొరుకుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం సెలవు, జూ పార్క్ సోమవారం సెలవు, ఇవి తెలీక బహదూర్‌పురా దాకా పోయి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. సాలార్‌జంగ్ మొత్తం ఒకే రోజు తిప్పకండి, ఒక గది, ఒక ప్రశ్న చాలు. మేం ఒకరోజు సంగీత గడియారం కోసమే వెళ్లాం, పన్నెండు గంటల ముందే కూర్చుని ఆ చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండుసార్లు గంట కొట్టేదాకా లెక్కపెట్టి వచ్చేశాం, తర్వాత వారమంతా గడియారాలు, పళ్ల చక్రాలు.

నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటేరియంలో తెలుగు షోలు ఉంటాయి, టైమ్ కనుక్కుని వెళ్లండి. అక్కడే సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది, అది అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కట్టింది, మన నేల మీద తిరిగిన జంతువే. ఇది పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్తే చూసే చూపే మారిపోతుంది. పక్షులంటే ఇష్టం ఉంటే అమీన్‌పూర్ చెరువు, 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా గుర్తించారు, చలికాలం పొద్దున్నే వెళ్లండి, ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుంటే కూత విని పక్షి పేరు చెప్తుంది. హబ్సిగూడ వైపు సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ అనే సైన్స్ పరిశోధన సంస్థలు ఉన్నాయి కదా, అవన్నీ సీఎస్ఐఆర్ అనే కేంద్ర పరిశోధన మండలి కిందివే, సెప్టెంబర్ 26 దాని ఫౌండేషన్ డే, ఆ టైమ్‌లో ల్యాబులు పబ్లిక్‌కి తెరిచే ఓపెన్ డే ఉందేమో ముందు నుంచే చూస్తూ ఉండండి. సైంటిస్టుని నేరుగా ప్రశ్న అడగడం ఏ యాప్‌లోనూ రాదు.

స్టెప్ 5: ఇంట్లో పెద్దవాళ్లని మర్చిపోకండి

మా అత్తమ్మ బియ్యం కొలిచేటప్పుడు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పాపకి చెప్పింది, భిన్నాలు నేను మూడు వర్క్‌షీట్లలో చెప్పలేనిది ఒక మధ్యాహ్నంలో అయిపోయింది, సోల అంటే మానికలో నాలుగో వంతు అని దానికదే చెప్పేసింది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం అనేది తాతయ్యని అడిగించండి. కిందింట్లో టైలర్ అంకుల్ ఉంటే కొలతలు, కిరాణా అన్న దగ్గర బిల్లు కూడటం, ఇవన్నీ మెటీరియలే, మనం లిస్టులో రాసుకోం అంతే.

స్టెప్ 6: స్క్రీన్ మీద కొన్ని చాలు

లెక్కలకి ఖాన్ అకాడమీ, సైన్స్ సిమ్యులేషన్లకి కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్, కోడింగ్‌కి స్క్రాచ్. మూడూ ఫ్రీ. వైఫై లేని ఇంట్లో టీవీ ఉంటే టీ-శాట్ విద్య ఛానెల్ చూడొచ్చు. చేత్తో చేసే ప్రయోగాలకి అరవింద్ గుప్తా సైట్ ఒక్కటి చాలు, పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయడం, సైన్స్ నేర్చుకోవడం, తెలుగు పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. ఇవన్నీ ఒకే రోజు పిల్లలకి చూపించకండి, నెలకి ఒకటి.

స్టెప్ 7: ఇంకో రెండు కుటుంబాలు కావాలి

ఇరవై కాదు, రెండు. స్వశిక్షణ్ అని దేశంలో హోమ్‌స్కూలర్ల అసోసియేషన్ ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టి మన సిటీలో ఎవరున్నారో కనుక్కోవచ్చు. మొదటిసారి కలిసేటప్పుడు ఇంట్లో కాకుండా బొటానికల్ గార్డెన్ లాంటి చోట కలవండి, పిల్లలు వాళ్లంతట వాళ్లు కలుస్తారు. వాళ్లని మీ సిలబస్ ఏంటి అని అడగకండి, మీరు కొని వాడనిది ఏంటి అని అడగండి, అసలు సమాచారం అక్కడ దొరుకుతుంది. మేం ముగ్గురం కలిసి పుస్తకాలు మార్చుకుంటాం, ఒకావిడ గురువారాలు అందరి పిల్లలకి హిందీ చెప్తుంది, నేను తెలుగు చెప్తా.

స్టెప్ 8: పరీక్షల దారి ముందే తెలుసుకోండి

బంధువులు అడిగే మొదటి ప్రశ్న టెన్త్ ఎలా రాయిస్తారు అని. ఎన్ఐఓఎస్ ఉంది, 1989లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఓపెన్ స్కూల్ బోర్డు, హైదరాబాద్‌లో రీజనల్ సెంటర్ ఉంది. టెన్త్ లెవెల్‌కి 14 ఏళ్లు నిండాలి, ఐదు సబ్జెక్టులు, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది అవకాశాలు, ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు, ఒక్కో సబ్జెక్టు విడిగా పాసవుతూ పోవచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది. తెలంగాణకి విడిగా టాస్ అనే ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. ఎన్ఐఓఎస్ పాఠాల పీడీఎఫ్‌లు వాళ్ల సైట్లోనే ఫ్రీ, పన్నెండేళ్లప్పుడే ఒకసారి తిరగేస్తే ఇంకా ఏం కావాలో తెలుస్తుంది. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి చెప్తుంది కానీ అందులో హోమ్‌స్కూలింగ్ గురించి విడిగా రాయలేదు, అందుకే స్కూల్ నుంచి తీసేటప్పుడు టీసీ, మార్కుల కాగితాలు తప్పకుండా తీసుకుని దాచండి. పిల్లలు చేసిన పనుల ఫోటోలు, డేట్ వేసిన నోట్‌బుక్కులు కూడా ఒక డబ్బాలో పెట్టండి.

స్టెప్ 9: డబ్బు కట్టే ముందు

ఇన్ని చూశాక కూడా ఏదో ఒకటి కొనాల్సి వస్తుంది, తప్పేం లేదు, మేం సంగీతానికి, లెక్కల సామానుకి ఖర్చు పెడతాం. కానీ ట్రయల్ క్లాస్‌లో మీరు కాదు, పిల్ల మాట్లాడాలి. ఏడాది ఫీజు కట్టకండి, నెల నెలా ఒప్పుకోకపోతే వదిలేయండి. రీఫండ్ మాట ఫోన్లో చెప్తే నమ్మకండి, మెసేజ్‌లో రాయించుకోండి. ఇవాళే కడితే డిస్కౌంట్ అంటే ఇవాళ కట్టకండి. ఇంటికి వచ్చి స్టెప్ 1 నోట్‌బుక్ తీయండి, ఈ కోర్సు అందులో ఏ ప్రశ్నకి పనికొస్తుందో వెతకండి, ఒక్కదానికీ కనబడకపోతే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి.