గుహల కొండ ఎక్కే ముందు తలెత్తి రాతి చూరు చూడండి

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి జైన గుహలు చూడటానికి బయల్దేరేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. సిత్తన్నవాసల్, బాదామి, ఎల్లోరా, భువనేశ్వర్ పక్కనున్న ఉదయగిరి, ఖండగిరి. నాకు సంతోషమే, ఎవరడిగినా వెళ్లి రండి అనే చెబుతాను. కానీ పోయిన నెల మా వైపు నుంచి బస్సు మాట్లాడుకుని తమిళనాడు వెళ్లిన ఒక బృందానికి జరిగింది విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

గుహ గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కర్పూరం వెలిగించి, గుప్పెడు అగరబత్తీలు రాతి సందులో గుచ్చారు. భక్తితో చేసిన పనే. కాసేపటికి పైనుంచి కొండ తేనెటీగలు దిగాయి. ఆవిడకీ, ఆవిడను పైకి లేపబోయిన మనవడికీ ముఖం, మెడ, చెవుల మీద ఎన్ని కుట్టాయో లెక్కలేదు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు, కానీ ఆసుపత్రికి తిరగడం ఇంకా ఆగలేదు.

నీళ్ల సీసా, టోపీ, జారని చెప్పులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్కటే. గుహ దగ్గర పొగ పెట్టొద్దు. కర్పూరం, అగరబత్తి, సాంబ్రాణి, సిగరెట్, వంటకు రాజేసే పొయ్యి, ఏదైనా సరే. ఇలాంటి ప్రమాదాల గురించి ఎప్పుడు విన్నా, ఎక్కడ చూసినా మొదలు పొగ దగ్గరే ఉంది.

అవి అక్కడే ఎందుకు ఉంటాయి

మునులు ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో, ఈగలూ అందుకే ఎంచుకుంటాయి. ఊరికి దూరంగా, ఎత్తులో, ఎండ నేరుగా పడని రాతి చూరు కింద. చాలా చోట్ల గుహ నుదుటి మీద వాన నీళ్లు లోపలికి కారకుండా సన్నటి గాడి చెక్కి ఉంటుంది. ఆ గాడి లోపలి వైపు ఎంత వానొచ్చినా తడవదు. కొండ తేనెటీగకు కావలసింది సరిగ్గా అదే. అది చెట్టు తొర్రలో, పుట్టలో దాక్కునే రకం కాదు. ఒకే ఒక్క పెద్ద పెర, మీటరు దాకా వెడల్పుతో, బయటికే వేలాడుతుంది. పెర మీద వేల ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని కప్పేసి ఉంటాయి కాబట్టి కింది నుంచి చూస్తే తేనెతుట్టె అనిపించదు. రాతికి మసి పట్టిందేమో అనుకుంటాం.

దాన్నే కాసేపు నిలబడి చూడండి. మసి కదులుతుంది. ఈగలు వరసగా పొట్ట పైకెత్తి దించుతుంటే ఒక చివర నుంచి ఇంకో చివరకు నీళ్ల మీద అల పోయినట్టు పోతుంది. ఆ అల కనిపించిందంటే అవి దేన్నో చూసి అప్రమత్తమయ్యాయని అర్థం. అక్కడి నుంచి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేయండి. ఖాళీ మైనపు మరక మాత్రమే కనిపించినా నిశ్చింతగా ఉండొద్దు, ఏడాదేడాది అదే చోటికి తిరిగొస్తాయి.

"పొగ పెడితే ఈగలు పోతాయి కదా" అని చాలామంది నాతో వాదిస్తారు. తేనె తీసేవాళ్ళు పొగ పెట్టడం మనం చూశాం కాబట్టి ఆ నమ్మకం. నల్లమలలో చెంచులకు తరతరాలుగా వచ్చిన విద్య అది. ఏ తుట్టెకు ఏ వేళ పోవాలో, గాలి ఎటు ఉందో, ఎంత దట్టంగా పొగ పట్టాలో, తప్పించుకునే దారి ఎటో అంతా చూసుకునే పోతారు. మనం పెట్టే నాలుగు అగరబత్తీల పొగ వాటిని మత్తులో పడేయదు, రేపుతుంది. శవయాత్రలో పొగకో టపాకాయలకో తుట్టె లేచి జనం చెల్లాచెదురయ్యారన్న వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. అదే కొండ మీద జరిగితే చెల్లాచెదురవడానికి కూడా చోటుండదు.

ఇంకో సంగతి. జైన మునులు నిప్పు ముట్టించరు. నిప్పులో, నీటిలో, గాలిలో కూడా జీవం ఉందని నమ్మినవాళ్ళు. నేటికీ ఆ మునులు వండుకోరు, గృహస్థులు పెట్టింది తింటారు. అలాంటివాళ్ళు తపస్సు చేసిన చోట కర్పూరం వెలిగించకపోతే అపచారం ఏమీ జరగదు. వెలిగిస్తేనే వాళ్ళ పద్ధతికి విరుద్ధం.

ఏ కొండకు ఎలా

సిత్తన్నవాసల్ తమిళనాడులోని పుదుక్కోట్టైకి 16 కిలోమీటర్లు. మనవాళ్ళు ఎక్కువగా పోయేది అక్కడికే, నాకు ఎక్కువ భయం కూడా అక్కడే. కొండ పడమటి వైపున్న గుడి సులువు. దాని కప్పు మీద తామరకొలను బొమ్మ ఉంటుంది. చేపలు, ఏనుగులు, తామరపూలు కోస్తున్న మనుషులు. 9వ శతాబ్దంలో పాండ్యరాజు శ్రీమార శ్రీవల్లభుడి కాలంలో ఈ గుడిని బాగుచేయించారని అక్కడి శాసనం చెబుతుంది. సున్నపు పూత మీద వేసిన రంగులు, ఇప్పటికే సగం రాలిపోయాయి. పొగ మసి ఆ మిగిలినదాన్ని కూడా తినేస్తుంది.

అసలు కష్టం అదే కొండ మీదున్న ఏళడిప్పట్టం అనే గుహలో. కొండ మీదికి ఎక్కి, అవతలి వైపు దిగి, ఇనుప కమ్మీ పట్టుకుని రాతి అంచు వెంట నడవాలి. లోపల 17 రాతి పడకలు, తల పెట్టుకునే వైపు కొంచెం ఎత్తుగా చెక్కి, నున్నగా ఉంటాయి. పెద్ద పడక పక్కన తమిళ బ్రాహ్మీ లిపిలో శాసనం ఉంది, రెండు వేల ఏళ్ల నాటిది. చూసి తీరాల్సిన చోటు. కానీ ఆ అంచు మీద ఈగలు లేస్తే ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. అందుకే అక్కడికి గుంపంతా ఒకేసారి పోవద్దు. నలుగురైదుగురు పోయి, వాళ్ళు వచ్చాక తక్కినవాళ్ళు వెళ్లండి. పెద్దవాళ్ళనూ చంటిపిల్లలనూ కింద గుడి దగ్గరే ఉంచండి.

భువనేశ్వర్ ఉదయగిరి, ఖండగిరి మన హౌరా లైన్లోనే ఉన్నాయి కాబట్టి రైలుకు సులువు. కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం, రెండంతస్తుల రాణీగుంఫా అక్కడే. అక్కడ కొండముచ్చులతో జాగ్రత్త. చేతిలో పల్లీల పొట్లం కనిపిస్తే లాక్కుంటాయి, తోసేస్తాయి. బాదామిలో నాలుగో గుహ జైనులది, కోతులు మెట్ల మొదటి నుంచే మొదలు. ఎల్లోరాలో 30 నుంచి 34 దాకా జైన గుహలు. అక్కడి కైలాస దేవాలయం చూసి అలసిపోయి అటు మిట్టమధ్యాహ్నం పోతారు. పొద్దున్నే ముందు అవి చూసి రండి. మంగళవారం ఎల్లోరా మూత.

ఇంత దూరం కాకుండా మన భైరవకోనకు వెళ్లేవాళ్ళకూ ఇదే మాట. అవి శివుడి గుహలు, ఎనిమిది, పూజ జరిగే చోటు. దీపం పూజారి చూపించిన చోట పెట్టండి. మీ అంతట మీరు బండ కింద సందు వెతికి వెలిగించొద్దు. వనభోజనాల పొయ్యి కొండకు దూరంగా.

ఇక గుర్తుంచుకోండి

- గేటు దగ్గర కాపలాదారుని అడగండి: "తుట్టెలు ఎక్కడున్నాయి?" వాళ్ళకు తెలుసు. భాష రాకపోతే పైకి చూపించి అడగండి.
- ప్రతి గుహలోకి అడుగుపెట్టే ముందు చూరు చూడండి.
- సెంటు కొట్టుకుని పోవద్దు. నల్లటి బట్టలు వద్దు, లేత రంగులు వేసుకోండి.
- రాయి విసరొద్దు. పిల్లలు విసురుతారు, చేయి పట్టుకోండి.
- డ్రోన్ ఎగరేయొద్దు. స్పీకర్ పెట్టొద్దు. ఈల వేయొద్దు.
- పొగ పెట్టొద్దు. బస్సు ఎక్కేటప్పుడే అగ్గిపెట్టె, లైటర్ ఎవరి దగ్గరున్నా అడిగి తీసుకోండి. పెద్దవాళ్ళు కోప్పడతారు, పడనివ్వండి.
- ఒక్క ఈగ కుట్టినా ఆగకుండా అక్కడి నుంచి కదలండి. కుట్టిన చోట నుంచి వాసన వదులుతుంది, ఆ వాసనకు తక్కినవి వస్తాయి. చేత్తో కొట్టి చంపితే ఆ వాసన ఇంకా పెరుగుతుంది. కొట్టొద్దు.
- లేస్తే కొంగో, తువ్వాలో, చొక్కానో తల మీదికి లాక్కుని, ముఖం కప్పి, కాళ్ళ కింద చూసుకుంటూ తిన్నగా పరుగెత్తండి. అంచు మీద ఉంటే మాత్రం పరుగు వద్దు, కమ్మీ వదలకుండా త్వరగా నడవండి. పడితే ఈగలకంటే ముందు లోయ చంపుతుంది.
- వందల మీటర్లు వెంటపడతాయి. చెట్టు కింద ఆగొద్దు. బస్సులోకి, గదిలోకి దూరి తలుపులేయండి.
- కొలనులోకి దూకొద్దు. తల పైకెత్తినప్పుడల్లా కుడతాయి.
- ఆ టైమ్‌లో పొగ పెట్టి తరుముదాం అనేవాడొకడు ఉంటాడు. వాడి చేతిలో అగ్గిపెట్టె లాక్కోండి.
- ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది, విషం ఇంకా ఎక్కుతుంటుంది. గోరుతోనో ఏటీఎం కార్డుతోనో వెంటనే గీకి తీసేయండి. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం.
- ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయండి.
- సున్నం రాస్తూ, పసుపు నూరుతూ కూర్చోవద్దు.
- గొంతు బొంగురుపోయినా, పెదవులు, నాలుక వాచినా, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతులు మొదలైనా, ఒంటినిండా దద్దుర్లు లేచినా 108కి ఫోన్ చేయండి. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్రతో సరిపెట్టొద్దు. ఒక్క కాటుకే ఇలా కావచ్చు.
- చాలా కుడితే బాగానే ఉన్నా ఆసుపత్రికి పోవాల్సిందే. ఎక్కువ విషం ఎక్కితే కిడ్నీలు దెబ్బతింటాయి, అది మొదటి రోజే బయటపడదు. ఇంటికొచ్చాక మూత్రం కాఫీ రంగులో వచ్చినా, తగ్గినా ఆ రోజే డాక్టర్‌కి చూపించి, ఎన్ని కుట్టాయో, ఎప్పుడు కుట్టాయో చెప్పండి.