ఎం.2 ఎస్ఎస్‌డీ ఏ స్లాట్‌లో పెట్టాలి? ఫ్యాన్లు ఎక్కడ కలపాలి?

హైఎండ్ మదర్‌బోర్డు మీద నాలుగైదు ఎం.2 స్లాట్లు (పల్చటి ఎస్ఎస్‌డీ డ్రైవ్‌ను నేరుగా బోర్డులోకే దూర్చే చోట్లు) ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా పనితీరులో తేడా ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీ చూడండి.

ప్రాసెసర్ పక్కనున్న స్లాట్ సాధారణంగా నేరుగా ప్రాసెసర్‌కే కలిసి ఉంటుంది. మిగతావాటిలో చాలావరకు చిప్‌సెట్ (మిగతా భాగాలను ప్రాసెసర్‌కు కలిపే బోర్డు మీది చిప్) మీదుగా వెళ్తాయి. యూఎస్‌బీ, సాటా (కేబుల్‌తో కలిపే డిస్క్‌ల పోర్టు), లాన్ కూడా ఆ దారినే పంచుకుంటాయి. కాబట్టి విండోస్ ఉండే డ్రైవ్‌కు మొదటి స్లాటే ఇవ్వండి. ఇందులో ఒక మెలిక ఉంది: కొన్ని బోర్డుల్లో జెన్5 (ఐదో తరం పీసీఐఈ, ఎక్కువ వేగం) ఎం.2 స్లాట్ నింపగానే గ్రాఫిక్స్ కార్డు ఎక్స్16 నుంచి ఎక్స్8కు, అంటే 16 డేటా దారుల నుంచి 8కి, తగ్గుతుంది. ఇంకొన్నిట్లో ఫలానా ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. పాత హార్డ్‌డిస్క్ ఉన్నట్టుండి కనబడకపోతే డిస్క్ పాడైందని కంగారుపడకండి, ముందు కేబుల్ వేరే పోర్టుకు మార్చి చూడండి.

బిగించేటప్పుడు పవర్ ప్లగ్ తీసేసి, హీట్‌సింక్ విప్పండి. దాని కింద థర్మల్ ప్యాడ్ (డ్రైవ్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తటి పట్టీ) మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఒలవాల్సిందే. చాలామంది మర్చిపోయేది ఇదే. పొర అలాగే ఉంటే వేడి హీట్‌సింక్‌కు సరిగా ఎక్కదు, పెద్ద ఫైలు కాపీ అవుతుండగా వేగం సగంలో పడిపోతుంది. 2280 డ్రైవ్ పొడవు 80 మిల్లీమీటర్లు, స్టాండాఫ్ (స్క్రూ దిగే చిన్న దిమ్మె) బోర్డు మీద ఆ పొడవుకు సరిపోయే రంధ్రంలోనే ఉండాలి. డ్రైవ్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో చివరిదాకా దూర్చి, నెమ్మదిగా కిందికి వంచి స్క్రూ బిగించండి. స్క్రూ ఆగిన చోట ఆపేయండి. ఎస్ఎస్‌డీకి సొంత హీట్‌సింక్ ఉంటే బోర్డుది పక్కన పెట్టండి, ఒకదానిమీద ఒకటి వద్దు. ఆ తర్వాత పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తూ ఉష్ణోగ్రత చూడండి. చాలా డ్రైవ్‌లకు కంపెనీ చెప్పే గరిష్ఠం 70 డిగ్రీలు.

ఇక ఫ్యాన్ల సంగతి. లిక్విడ్ కూలర్ పంపును బోర్డు మీది పంప్ హెడర్‌కే (హెడర్ అంటే కేబుల్ తగిలించే పిన్నుల గుంపు) కలిపి ఫుల్ స్పీడ్‌లో ఉంచండి. మామూలు ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ ఇస్తుంది. 0.3 ఆంపియర్ ఫ్యాన్లు మూడింటిని స్ప్లిటర్‌తో (ఒక హెడర్‌ను పలు ఫ్యాన్లకు పంచే కేబుల్) ఒకే హెడర్ మీద నడపొచ్చు, నాలుగోది వద్దు. 3 పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ హోరెత్తుతుంటే బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) ఆ హెడర్‌ను పీడబ్ల్యూఎం (4 పిన్నుల ఫ్యాన్ల పద్ధతి) నుంచి డీసీకి (వోల్టేజీ తగ్గించి వేగం తగ్గించే పద్ధతి) మార్చండి. 5 వోల్టుల ఏఆర్‌జీబీ (రంగులు మారే లైట్ల) స్ట్రిప్‌ను 12 వోల్టుల హెడర్‌కు తగిలిస్తే కాలిపోతుంది, వోల్టేజీ చదివాకే కలపండి.

బోర్డులో వైఫై ఉంటే వెనక యాంటెన్నాలు రెండూ బిగించండి. అవి లేకపోతే పక్క గదిలోని రౌటర్ సిగ్నల్ కూడా సరిగా అందదు.