రెండు కార్బురేటర్లను సమానం చేసే పరికరం ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలి?

రెండు సిలిండర్లకు రెండు కార్బురేటర్లున్న బైక్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణుకుతున్నా, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడుతున్నా, రెండు థ్రాటిళ్లూ (కార్బురేటర్‌లో గాలిని వదిలే తలుపులు) సమానంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. అందుకు ఖరీదైన గేజ్‌లు అక్కర్లేదు. ఏ వైపు వాక్యూమ్ (ఇంజిన్ పీల్పు) ఎంత అన్న లెక్కతో మనకు పని లేదు, రెండింటి మధ్య తేడా కనబడితే చాలు.

5 మి.మీ. లోపలి వ్యాసమున్న పారదర్శక ప్లాస్టిక్ ట్యూబ్ 5 మీటర్లు, మీటరుకు పైగా పొడవున్న చెక్క, టూ స్ట్రోక్ ఆయిల్, సిరంజి, అక్వేరియం గాలి గొట్టాలకు వాడే చిన్న వాల్వులు రెండు తెచ్చుకోండి.

ఆయిల్ బదులు నీళ్లు పోయకండి. పొరపాటున ఇంజిన్‌లోకి వెళ్తే నీళ్లు హాని చేస్తాయి. టూ స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కాలేందుకే తయారైంది, కొంచెం వెళ్లినా పొగై పోతుంది. కొన్ని గేజ్‌లలో ఉండే పాదరసం విషం, దాని జోలికే వెళ్లొద్దు.

ట్యూబ్‌ను సగానికి మడిచి, మడత కిందికి వచ్చేలా చెక్కకు కట్టండి. మడత దగ్గర నొక్కుకుపోకూడదు. సిరంజితో ఆయిల్ ఎక్కించండి, రెండు వైపులా చెక్క సగం ఎత్తుకు వస్తే చాలు. బుడగలు పోయేదాకా నిలబెట్టి ఉంచండి. ఒక్కో కొసకు దగ్గర్లో ఒక్కో వాల్వు అమర్చండి. ఇవి లేకపోతే ఇంజిన్ పీల్చే ప్రతిసారీ ఆయిల్ ఎగిరెగిరి పడుతుంది, ఏమీ చదవలేం.

ఇంజిన్‌లోని వాల్వ్ క్లియరెన్సులు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందులు) ముందే సరిచూసుకోండి. అవి తప్పుగా ఉంటే ఈ శ్రమంతా వృథా. ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి ఆపండి. కార్బురేటర్ల నుంచి ఇంజిన్‌కు వెళ్లే రెండు ఇన్‌టేక్ గొట్టాల మీదుండే వాక్యూమ్ రంధ్రాల మూతలు తీసి, ట్యూబ్ కొసలు గాలి దూరకుండా బిగించండి. ట్యూబ్ వాల్వులు దాదాపు మూసి, ఆరుబయటే ఇంజిన్ స్టార్ట్ చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. తర్వాత వాల్వులు కొద్దికొద్దిగా తెరవండి. పూర్తిగా మూసి ఉంటే ఆయిల్ కదలదు, అంతా సమానంగా ఉందని మోసపోతారు.

ఏ వైపు ఆయిల్ పైకెక్కితే ఆ వైపు పీల్పు ఎక్కువ, అంటే ఆ థ్రాటిల్ ఎక్కువ మూసుకుని ఉంది. రెండు కార్బురేటర్లనూ కలిపే స్క్రూను చాలా కొంచెం తిప్పండి, యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదలండి, ఆయిల్ నిలకడయ్యాక మళ్లీ చూడండి. ఈ ఆగడమే అసలు పని. తొందరపడితే స్క్రూ అటూ ఇటూ తిప్పుతూనే ఉంటారు.

పాదరసం గేజ్‌లో 1 సెం.మీ. తేడా ఈ ఆయిల్‌లో సుమారు 15 సెం.మీ.గా కనిపిస్తుంది. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల తేడాకు టెన్షన్ పడకండి. కొసలు అటుదిటు మార్చి చూసినా అదే కార్బురేటర్ వైపు ఆయిల్ ఎక్కితే పరికరం నిజమే చెబుతున్నట్టు.

స్క్రూను కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కదలొచ్చు, బిగించాక ఇంకోసారి చూడండి. ఐడ్లింగ్‌ను మాన్యువల్‌లో చెప్పిన వేగానికి తెచ్చి, ఇంజిన్ ఆపాకే ట్యూబ్‌లు తీయండి. నడుస్తుండగా ఒకటి ఊడదీస్తే ఆయిలంతా రెండో సిలిండర్‌లోకి పోతుంది. చివరగా, మూతలు రెండూ తిరిగి పెట్టండి.